ముప్పై ఆరు లక్షల పైచిలుకు

ఎండు వంతెన మీద నాకు మూడడుగుల చోటుంది.
పాత లాడా కారు మూతే దుకాణం.
త్బిలిసిలో పొద్దు బారెడెక్కితే గానీ బేరాలు కదలవు.
అప్పటిదాకా నది గాలికి ముడుచుకుని
టీ గ్లాసుల తొడుగుల్నీ, ఫోర్కుల్నీ, గుడ్డి కెమెరాల్నీ
వరస మార్చి మార్చి పెడుతుంటాను,
పరీక్ష హాల్లో పిల్లల్ని లేపి వేరేచోట కూర్చోబెట్టినట్టు.

ఇరవై రెండేళ్ళు కెమిస్ట్రీ చెప్పినదాన్ని.
జీతాలు ఆగిపోయిన చలికాలం
బడి త్రాసు చంకన పెట్టుకుని ఇక్కడికొచ్చాను.
ముందు అమ్ముడుపోయింది ఆ త్రాసే.

ఆ మాటకొస్తే చదువు వృథా పోలేదు.
వెండి అని తెచ్చిన చెంచా మీద ఆమ్లం చుక్క వేస్తే
నిజం ఏ రంగులో పొంగుతుందో నాకు తెలుసు.
84 అని ముద్ర ఉంటే జారు చక్రవర్తి కాలం,
875 అయితే ఆ తర్వాతది.
చిలుము రెండు రకాలు:
ఏళ్ళు పట్టి ఎక్కింది, రాత్రికి రాత్రి ఎక్కించింది.
మొదటిది గోరుకు లొంగదు.
“త్సియాలా టీచరమ్మా, నీ ముక్కుని మ్యూజియానికి అమ్ముకోవచ్చు”
అంటాడు పక్క కారు ఒటియా.

మొన్న శనివారం ఖాతునా అనే ఆవిడ వచ్చింది.
సంచిలో మందుల డబ్బా, డబ్బాలో దూది,
దూదిలో ఎర్ర నక్షత్రం.
ఒక కొన మీద ఎనామిల్ పెచ్చు లేచింది.
“మా తాత బగ్రత్‌ది. కెర్చ్ దగ్గర పోయాడు, నలభై రెండులో.
ఎలిసో బామ్మ ప్రతి మే నెలా తుడిచి పెట్టేది.
ఇంటి కప్పు కారుతోంది, లేకపోతే తెచ్చేదాన్ని కాదు.”

తిప్పి చూశాను.
భూతద్దం కూడా అక్కర్లేకపోయింది.
మర కింద చెక్కిన నెంబరు:
ముప్పై ఆరు లక్షల పైచిలుకు.

నలభై రెండులో పోయినవాళ్ళ నక్షత్రాలు
లక్షల్లోకి రావడమే గగనం.
ఇది అచ్చులోంచి బయటపడేనాటికి
బగ్రత్ మట్టిలో కలిసి ముప్పై ఏళ్ళు.

నోటిదాకా వచ్చింది.
టీచరు నోరు కదా,
తప్పు కనబడితే ఎర్ర సిరా దానంతటదే కారుతుంది.

అప్పుడా చలికాలం గుర్తొచ్చింది.
కరెంటు లేదు. రొట్టె కోసం చీకట్లోనే వరస.
ఊరు ఊరంతా అమ్మడానికే వచ్చిన వంతెన మీద
నక్షత్రాలు, గుప్పెళ్ళ కొద్దీ, శనగల్లా.
నేనూ అమ్మాను, నెంబర్లు చూడకుండానే.
అందరూ ఒంటి మీదివి విప్పి ఇచ్చేస్తున్న ఆ రోజుల్లో
ఒక ముసలమ్మ
రొట్టె డబ్బులతో
ఒక నక్షత్రం కొనుక్కుని వెళ్ళి ఉండాలి.
నా దగ్గరో, ఒటియా దగ్గరో.
ముఖం గుర్తు రావడం లేదు.
ఎంత గీచి గీచి బేరమాడానో, అదీ గుర్తు లేదు.

సర్కారు ఇవ్వడం మర్చిపోయిందో,
ఇవ్వాల్సింది అసలు లేనేలేదో.
యాభై ఏళ్ళు ఒక్క కార్డుముక్కతో కాపురం చేసిన మనిషి
మొగుడికి తనే బిరుదిచ్చుకుంది.

“నకిలీదా?” అంది ఖాతునా, నేను పలక్కపోవడం చూసి.
“కాదమ్మా. వెండీ అసలుదే, ఎరుపూ అసలుదే.”
అబద్ధమాడలేదు.
జవాబు సగమే రాశాను, సగం మార్కులు వేసుకున్నాను.

పెచ్చు లేచింది, ధర పలకదు, ఉంచుకో అన్నాను.
ఇంకేమన్నా ఉందా అనడిగితే
సంచి అడుగునుంచి పంచదార పటకారు తీసింది, నల్లగా.
రుద్ది చూస్తే 84.
నాలుగు రేకులకి సరిపడా లెక్కపెట్టి ఇచ్చాను.
ఒటియా కళ్ళతోనే తిట్టాడు.

పటకారు ఇంకా అలాగే ఉంది. నలుపు తుడవలేదు.
ఇప్పుడు ఎవరైనా నక్షత్రం అడిగితే
ముందు నెంబరు చూస్తున్నాను,
తర్వాత కొనేవాళ్ళ ముఖం.